పాదము క్రింది వేడిమి

ఇల్లు కట్టుకొనువారు గోడల రంగును గూర్చి దినముల తరబడి తర్కింతురు. నేల విషయము వచ్చునప్పటికి బండ నిగనిగలాడుచున్నదా యని మాత్రము చూతురు. ఇంటిలో మన శరీరము ఎడతెగక తాకునది నేలనే గదా! ఏ నేల ఎవరికి తగునో ఎంచుకొనుటకు చరిత్ర మనకు తోడ్పడగలదు.

మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. ధనుర్మాసపు వేకువజామున ఇచ్చటను, ఇదే మెట్టసీమలోని పుంగనూరు, కుప్పం ప్రాంతములందును పాదము మోపినంతనే నేల జివ్వుమనును. పూర్వము ఈ పల్లెలలో మట్టినేలను పేడతో అలికి ముగ్గు పెట్టెడివారు. పుంగనూరు పొట్టి ఆవులకు పుట్టినిల్లు గనుక ఆ పనికి పేడ కొదువ కాలేదు. కలిగినవారు గచ్చు చేయించిరి. నల్లని కడప బండలు పరపించిరి. మదనపల్లె 1911 వరకు కడప జిల్లాలోనిదే. ఇటీవలి దశాబ్దములలో గ్రానైటు వచ్చి వీనినన్నింటిని వెనుకకు నెట్టినది. 'కుప్పం గ్రీన్' అను పేర అచ్చటి పచ్చఛాయ రాయి విదేశములకును పోవుచున్నది.

ఆ రాయి చేరు చలిదేశములలో నేలనే వెచ్చజేయు పద్ధతి యొకటి కలదు. అది ప్రాచీనమైనది. రోమనులు ఇటుక స్తంభములపై నేలను నిలిపి, దాని క్రింద వేడిగాలిని పారించిరి. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమున విట్రూవియస్ అను వాస్తుశాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించెను. కొరియావారి 'ఒండోల్' గదిలో పొయ్యి పొగ రాతిపలకల క్రింది కాలువల గుండ పోయి, ఆవలి పొగగొట్టమున వెడలును. పలకలపై మట్టి మెత్తి, నూనె పట్టించిన కాగితమును అతికింతురు. అట్టి గదిని జపానులో చూచిన అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్, 1937లో మాడిసన్ నగరమున నిర్మించిన జేకబ్స్ గృహములో కాంక్రీటు నేల క్రింద వేడి గొట్టములను అమర్చెను.

ఈ పద్ధతికి తగిన పైపొర ఏది? వేడిమిని అడ్డగింపనిది. రాయి కొయ్యకంటె పదిరెట్లకు మించి వేడిమిని ప్రసరింపజేయును. కావున క్రింద వేడినీటి గొట్టములున్న యింట గ్రానైటును పింగాణీ పలకలును మేలు. కొయ్యయు తగును గాని, అది పలుచనిదై యుండవలెను. దాని పైభాగము సాధారణముగా 27 డిగ్రీల సెంటీగ్రేడు మించరాదందురు. మందపు తివాచీ వేడిమిని క్రిందనే బంధించును.

క్రింద వేడి లేని మన యింట రాతి యొక్క ఈ గుణమే తిరుగబడును. అది పాదములోని వేడిమిని లాగికొనును. వేసవిలో అది వరము. చలికాలమున కీళ్ల నొప్పులుగల వృద్ధులకు బాధ. మన పెద్దలు దీని నెరిగియే భోజనమునకు పీటను, పరుండుటకు చాపను, బొంతను వాడిరి. నేడు గ్రానైటు ఇంటినిండ పరచుకొన్నది, పీట అటకెక్కినది.

విదేశమున ఇల్లు కట్టుచున్న బిడ్డలు అడిగినచో మన రాతినే పరచుకొమ్మని నిస్సంశయముగా చెప్పవచ్చును. ఇచ్చట కట్టుకొనువారు మాత్రము ముదుసలులు పరుండు గదిలోనైన మంచము ప్రక్కన మందమైన చాప పరుపుడు. స్నానపు గది ముంగిట నునుపు పట్టని రాతిని వేయింపుడు. అటకమీది పీటను క్రిందికి దింపుట అన్నిటికంటె సులభమని మేము తలంచెదము.