ఎముకలు చెప్పు వ్యాధి చరిత్ర

శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలసకు సమీపమున దన్నానపేటవద్ద బృహచ్ఛిలాయుగమునాటి రాతిసమాధి యొకటి కలదు. ఇట్టి సమాధులను త్రవ్వినపుడు మట్టిపాత్రలు, ఇనుప పనిముట్లు దొరకినచో సంతోషింతుము. ఎముక దొరకినచో దానిని అంతగా లెక్కచేయము. కాని పూర్వుల ఆరోగ్యమును తెలిసికొనుటకు ఎముకను, పంటిని మించిన సాక్ష్యము లేదు.

ఎముక జీవించియున్న పదార్థము. అది అరుగుచు, తిరిగి పెరుగుచు ఉండును. కనుక ఏండ్ల తరబడి పీడించిన వ్యాధి దానిపై గుర్తు వేయగలదు. కలరా వంటివి కొద్ది దినములలోనే ప్రాణము తీయును గనుక ఎముకపై ఏ గుర్తును మిగల్చవు. పంటి సంగతి వేరు. దాని పైపూత బాల్యమున ఒకసారి ఏర్పడి, తిరిగి పెరుగదు. ఆ వయస్సున తీవ్రమైన ఆకలిగాని జబ్బుగాని కలిగినచో, పంటిపై అడ్డుగీతలు శాశ్వతముగా నిలిచిపోవును.

ఎముకపై గుర్తులు వేయు వ్యాధులలో కుష్ఠు ఒకటి. దీని సూక్ష్మజీవిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. ఇది నరములను చెరచును. స్పర్శ తెలియని చేతులకు, పాదములకు పదేపదే గాయములగును. వ్రేళ్ల ఎముకలు క్రమముగా సన్నబడి అరిగిపోవును. ముక్కు అడుగుననున్న చిన్న ఎముకకొన కరగిపోవును. పై వరుసలోని ముందుపండ్లు ఊడును. డెన్మార్కులో నెస్ట్వెడ్ వద్ద మధ్యయుగపు కుష్ఠురోగుల శ్మశానమును త్రవ్వి, ఈ గుర్తులను వివరించినవాడు మోలర్ క్రిస్టెన్సెన్ అను వైద్యుడు.

ఈ జ్ఞానము మన దేశమునకును అక్కరకు వచ్చినది. రాజస్థానములో ఉదయపూరు సమీపమునగల బాలాథల్‌లో సుమారు 4000 సంవత్సరముల నాటి పురుషుని అస్థిపంజరము దొరకినది. రాతిగోడల ఆవరణములో, పిడకల బూడిద నడుమ అతనిని పాతిపెట్టిరి. అతని యెముకలలో కుష్ఠు చిహ్నములున్నవని 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఎముకలు మారుటకు ఏండ్లు పట్టును. కనుక అతడు వ్యాధితో చాలకాలము బ్రతికెనని చెప్పవచ్చును. ఇరుగుపొరుగువారు అతనిని ఆదరించిరో, వెలివేసిరో మాత్రము ఎముక చెప్పజాలదు.

ఆ ప్రశ్న మన ప్రాంతమునకు పరాయిది కాదు. కుష్ఠు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో చిరకాలము ప్రబలియుండెను. 2022 వరకు విజయనగరం జిల్లాలోనుండిన సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఈ వ్యాధి చికిత్సకు పేరొందినది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులను కలిపి ఇచ్చు చికిత్సను సిఫారసు చేసెను. దీనిచే కుష్ఠు పూర్తిగా నయమగును. ఆరంభముననే మందు వాడినచో వైకల్యమును నివారింపవచ్చును.

స్పర్శలేని మచ్చ కనబడిన విద్యార్థిని బడిలో దూరముగా కూర్చుండబెట్టుట అజ్ఞానము. వైద్యునివద్దకు పంపుట విజ్ఞానము. బాలాథల్ మనిషికి ఆ మందు లేదు. నేటి పిల్లలకు ఉన్నది.