హైస్: ఖర్జూరపు ముద్ద చరిత్ర

హిజ్రీ 7 (క్రీ.శ. 628)లో ఖైబర్ నుండి మదీనాకు మరలివస్తూ దైవప్రవక్త (స) హజ్రత్ సఫియ్యా (ర)ను వివాహమాడి, దారిలోనే వలీమా ఇచ్చారు. తోలు దస్తర్‌ఖాన్లు పరిపించి, ఎవరివద్ద ఏమి మిగిలి ఉంటే అది తెమ్మన్నారు. ఒకరు ఖర్జూరం తెచ్చారు, మరొకరు నెయ్యి. అంతా కలిపి 'హైస్' చేశారు. ఆ విందులో రొట్టె గాని మాంసం గాని లేవని హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖించారు.

ఈ హైస్‌ను 'హల్వా' అని అనువదించడం సులభమే గాని, అది సరికాదు. హల్వా అనగానే మనకు పొయ్యి, మూకుడు, పాకం తోస్తాయి. అరబీలో హైస్ అంటే మూలార్థం 'కలపడం'. గింజ తీసిన ఖర్జూరాన్ని నెయ్యితోను, 'అఖిత్'తోను చేత్తో పిసికితే అయ్యే ముద్ద అది. అఖిత్ అంటే పాలవిరుగుడును ఎండబెట్టిన గడ్డ. ఉప్పుగా, పుల్లగా ఉండి చాలకాలం నిలుస్తుంది. నీరు, వంటచెరకు రెండూ కరవైన ఎడారి బాటసారికి ఇంతకన్న అనువైన ఆహారం అరుదు. ఖర్జూరంలోని చక్కెర వెంటనే సత్తువ నిస్తుంది. నెయ్యి ఆకలిని ఆపుతుంది. మన ఇళ్ళలోని పచ్చి చలిమిడి దీనికి దగ్గరి చుట్టమనవచ్చు.

ఆరువందల ఏళ్ళ తరువాత అదే పేరు బాగ్దాదులో వినిపిస్తుంది. ముహమ్మద్ బిన్ హసన్ బాగ్దాదీ 1226లో రచించిన 'కితాబుత్ తబీఖ్'లో హైస్ పాకం ఉన్నది. ఎండురొట్టె పొడి ఒక రత్ల్, ఖర్జూరం ముప్పాతిక రత్ల్, నూరిన బాదం, పిస్తా మూడు ఊఖియాలు. వీటిని బాగా పిసికి, కాచిన నువ్వులనూనె రెండు ఊఖియాలు పోసి, ఉండలు చేసి పంచదార పొడిలో దొర్లించాలి. నూనెకు బదులు నెయ్యి వాడినా తప్పులేదట. రత్ల్‌కు 12 ఊఖియాలు. రత్ల్‌ను సుమారు 400 గ్రాములుగా లెక్కిస్తే ఖర్జూరం 300, పప్పులు 100 గ్రాములు అవుతాయి.

ఎడారి అఖిత్ పోయి, నగరపు బాదం, పిస్తా వచ్చాయి. ఖర్జూరం మాత్రం స్థానం వదలలేదు. పైన చల్లిన పంచదార ఖలీఫాల రాజధాని సోకు కావచ్చు. అంత ఖర్జూరం ఉండగా దాని అవసరమేమిటో తెలియదు! అయినా పాతగుణం చెరగలేదు: ఇది ప్రయాణికులకు చాల మంచిదని గ్రంథకర్త స్వయంగా చేర్చాడు.

ఈ గ్రంథానికి మన ప్రాంతంతోనూ సంబంధమున్నది. దావూద్ చలబీ 1934లో మోసుల్‌లో దీని అరబీ పాఠాన్ని ప్రచురించగా, ఎ.జె. ఆర్బెర్రీ ఆంగ్లానువాదం 1939లో హైదరాబాదు త్రైమాసిక పత్రిక 'ఇస్లామిక్ కల్చర్'లోనే వెలువడింది. అందులో ఈ ఉండలు 'కబాబులు'గా మారాయి. హైదరాబాదులో కబాబు అంటే మాంసమే గదా! మూలంలోని మాటకు గుండ్రని ముద్దలని అర్థం. చార్లెస్ పెర్రీ ఈ గ్రంథాన్ని తిరిగి అనువదించి 2005లో ప్రకటించాడు. తెలుగు అనువాదకుడు 'హైస్' పదాన్ని అలాగే ఉంచి, ప్రక్కన 'ఖర్జూరపు ముద్ద' అని వ్రాస్తే చాలు. ఖైబర్ దారిలోని దస్తర్‌ఖాన్‌పైకి లేని మూకుడు రాదు.