పిలకతో వచ్చిన తెగులు

గెల కోసిన పిదప అరటిచెట్టును కొట్టివేయుట మనమెరిగినదే. ఇంగ్లండు పెరళ్ళలోని రాస్ప్‌బెరీ పొదదియు ఇంచుమించు అదే ధర్మము. దాని కొమ్మ మొదటి ఏట పెరిగి, రెండవ ఏట కాచి ఎండును. కాచిన కొమ్మను నేలమట్టమునకు కోసి, క్రొత్త పిలకలను నిలుపుకొనవలెను.

డార్సెట్ సీమ అడవిలో దొరికిన ఒక రాస్ప్‌బెరీ రకము 1919లో నాటి ప్రధాని లాయిడ్ జార్జి పేర వెలువడెను. కాపు మెండు, పండు పెద్దది. ఇరుగుపొరుగువారు పిలకలు పంచుకొనిరి. వారి ఔదార్యమును మేము తప్పుపట్టజాలము. కాని ఆ పిలకలతోడనే కంటికి కానరాని వైరసు తెగులు ఇల్లిల్లు చేరెను. పేనుబంక దానిని మరింత వ్యాపింపజేసెను. మన అరటికిని ఇట్టి తెగులు పిలకల వెంటనే వచ్చుచున్నది గదా! పొదయంతయు రోగమైనపుడు కోతకత్తి యేమి చేయగలదు? కాపు క్షీణించెను.

తుదకు 1940వ దశకములో, మునుపు న్యూజిలాండు చేరి అచట ఆరోగ్యముగా నిలిచిన అదే రకము మొక్కలను ఇంగ్లండుకు తిరిగి తెప్పించి నాటుకొనిరి.