రక్తము చెప్పెడి సాక్ష్యము



మా ఇందల్వాయి ప్రాంతమున ఱొమ్ములో నొప్పి పుట్టినచో వాయువని తలచి, వాము నమలి పరుండువారు పెక్కురు. ఆ నొప్పి వాయువో, గుండెపోటో నేడు రక్తమే సాక్ష్యము చెప్పుచున్నది. ఈ విద్య పుట్టువును, అందు మన తెలుగువాని భాగమును విన్నవించెదను.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికాకు బోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున జేరిరి. 1927లో ఆయనయు, సైరస్ ఫిస్కే యను పండితుడును కండరములందు ఫాస్ఫోక్రియాటిన్ అను ద్రవ్యమును కనుగొనిరి. గాదెలో ధాన్యమువలె కండరమున శక్తి యీ రూపమున నిలువయుండును. గాదెలో పోయుటకును, తీయుటకును తోడ్పడు ఎంజైము క్రియాటిన్ కైనేజు. అది గుండెయందును మెండుగా గలదు.

గుండెకు రక్తము తెచ్చు నాళము మూసికొనిపోయినచో నచ్చటి కణములు నశించి, వానిలోని పదార్థములు రక్తమున గలియును. 1954లో న్యూయార్కునందు కార్మెన్ మొదలగువారు గుండెపోటు వచ్చినవారి రక్తమున నొక ఎంజైము హెచ్చుటను చూపిరి. పిమ్మట క్రియాటిన్ కైనేజును ఆ పనికే వచ్చెను. అయితే యివి యితరాంగములందును గలవు గనుక సాక్ష్యమున సందేహము మిగిలెడిది.

1960లలో జపానుదేశపు ఎబాషి కండరమున ట్రోపోనిన్ అను ప్రోటీనును కనుగొనెను. గుండెలోని ట్రోపోనిన్ రూపము వేరు. 1989లో జర్మనీదేశపు కాటుస్ దానిని రక్తమున కొలుచు పరీక్షను ప్రకటించెను. 1996లో అమెరికాయందు ఆంట్‌మన్ మున్నగువారు 1404 మంది రోగులను పరిశీలించిరి. ట్రోపోనిన్ హెచ్చినవారిలో 42 దినములలోపల నూటికి 3.7 మందియు, హెచ్చనివారిలో నూటికి 1 చొప్పునను మరణించిరి. నాటినుండి యీ పరీక్ష రోగమును తెలుపుటయేగాక రాబోవు ప్రమాదమును సైతము సూచించునదయ్యెను.

ఇది జాతకము వంటిది గాదు. జాతకమును మార్చలేమందురు, ఇచ్చట నపాయము ముందుగా తెలిసినచో వైద్యుడు చికిత్సను త్వరపెట్టి దానిని తగ్గింపగలడు. ఒక్క సంగతి మరువరాదు. నొప్పి మొదలైన వెంటనే తీసిన రక్తమున ట్రోపోనిన్ హెచ్చకపోవచ్చును. అందుచేత కొన్ని గంటలకు మరల పరీక్షింతురు. మొదటి పరీక్షలో నేమియు లేదని యింటికి మరలరాదు. ఇ.సి.జి.లో నాళము మూసికొన్న గురుతులు కనబడినచో రక్తపరీక్ష ఫలితమునకై వైద్యు లాగరు.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో న్యూయార్కునందు, 53 ఏండ్ల ప్రాయమున, హృద్రోగముచేతనే మరణించిరి. గుండెపోటును తెలుపు మొదటి రక్తపరీక్ష 6 ఏండ్ల తరువాతగాని రాలేదు. ఆయనకు లేని యవకాశము మనకు గలదు. కావున ఱొమ్మున బరువు, చెమట, ఎడమచేతికి ప్రాకు నొప్పి కలిగినచో తెల్లవారువఱకు వేచియుండక 108కు ఫోను చేయించి నిజామాబాదు ఆసుపత్రికి బయలుదేరుడు. రక్తము సాక్ష్యము చెప్పవలెనన్న మనము వేళకు వైద్యుని యెదుట నుండవలెను గదా!