చిట్టీ (పొదుపు పద్ధతి)

చిట్టీ అనగా కొందరు సభ్యులు ప్రతి నెలా నిర్ణీత మొత్తాన్ని జమచేసి, పోగైన సొమ్మును నెలకొకరు చొప్పున తీసుకొనే పద్ధతి. దీనిని చీటీ అని, చిట్ ఫండు అని కూడా అంటారు. కేరళలో దీనికి కురి అని పేరు. ముందుగా సొమ్ము తీసుకొన్న సభ్యునికి ఇది అప్పు. చివరి వరకు వేచియున్న సభ్యునికి ఇది పొదుపు.

ప్రాంతీయ నేపథ్యం

తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ పూర్వపు నల్గొండ జిల్లా పట్టణాలు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో కోదాడ చేరినది. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉన్నది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండే వరి, మిర్యాలగూడ రైసు మిల్లులు, సూర్యాపేట వ్యవసాయ మార్కెట్టు, హైదరాబాదు - విజయవాడ రహదారిపై సాగే వ్యాపారం ఈ ప్రాంతపు ప్రధాన ఆదాయ మార్గాలు. దుకాణదారునికి, ఉద్యోగికి ఆదాయం నెలనెలా కొద్దికొద్దిగా వస్తుంది. పెళ్ళికి, ఇంటికి మాత్రం ఒకేసారి పెద్ద మొత్తం కావాలి. ఈ అవసరమునకు చిట్టీ సరిపోతుంది. రైతుకు సొమ్ము పంట అమ్మినపుడే వస్తుంది కనుక, రాబోయే నెలల వాయిదాలను అపుడే వేరుగా తీసి ఉంచుకొనవలసి ఉంటుంది.

పనిచేయు విధానం

ఉదాహరణకు 20 మంది సభ్యులు నెలకు రూ. 5,000 చొప్పున 20 నెలలు కట్టే లక్ష రూపాయల చిట్టీని తీసుకొందాము. మొదటి నెల పాటలో ఒక సభ్యుడు రూ. 25,000 వదులుకొనుటకు సిద్ధపడి చిట్టీ ఎత్తినచో, అతనికి రూ. 75,000 ముట్టును. వదులుకొన్న సొమ్ములో రూ. 5,000 నిర్వాహకుని కమీషను. మిగిలిన రూ. 20,000 అందరికీ తలా రూ. 1,000 చొప్పున డివిడెండుగా పంచబడుతుంది. కనుక ఆ నెల ఒక్కొక్కరు కట్టవలసినది రూ. 4,000 మాత్రమే.

వడ్డీ లెక్క

పై చిట్టీలో డివిడెండు నెలనెలా సమానంగా తగ్గుతూ చివరి నెలకు సున్నా అయినదనుకొందాము. అపుడు ప్రతి సభ్యుడు కట్టేది మొత్తం రూ. 90,000. చివరి సభ్యునికి కమీషను పోగా రూ. 95,000 వస్తుంది. ఇది ఏడాదికి సుమారు 7 శాతం వడ్డీతో సమానం. మొదట ఎత్తిన సభ్యునిపై పడే భారం నెలకు నూటికి దాదాపు 2 రూపాయలు, అనగా ఏడాదికి 23 శాతం పైమాటే. ఎత్తిన సొమ్మును అంతకంటె తక్కువ వడ్డీ వచ్చే చోట ఉంచినవారు నష్టపోతారు. పాట పాడుటకు ముందు ఈ లెక్క వేసుకొనుట ముఖ్యము.

చట్టము

పూర్వం ఆంధ్ర ప్రదేశ్ చిట్ ఫండుల చట్టం (1971) ఉండేది. తరువాత కేంద్ర ప్రభుత్వపు చిట్ ఫండుల చట్టం (1982) వచ్చింది. దీని ప్రకారం ప్రభుత్వ అనుమతి, నమోదు లేకుండా చిట్టీ నడుపరాదు. నిర్వాహకుడు ముందుగా హామీ జమచేయవలెను. వివాదములను చిట్ల రిజిస్ట్రారు విచారిస్తారు. 2019 నాటి సవరణ కమీషను గరిష్ఠ పరిమితిని 5 నుండి 7 శాతానికి పెంచింది. సభ్యులను చేర్చుకొంటూ పోయే గొలుసు పథకములు చిట్టీలు కావు. అవి 1978 నాటి చట్టముచే నిషేధింపబడినవి.

జాగ్రత్తలు

ఇరుగుపొరుగువారు, తోటి ఉద్యోగులు నమ్మకముపై నడుపుకొనే నమోదు కాని చిట్టీలు ఎన్నో ఉన్నవి. అటువంటి చిట్టీ నిర్వాహకుడు పరారైనచో ఎక్కువగా నష్టపోయేవారు ఇంకా చిట్టీ ఎత్తనివారే, అనగా పొదుపు చేసినవారే. కూతురి పెళ్ళికని చివరి వరకు ఆగినవారి సొమ్ము మొత్తం పోవచ్చును. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల వరకు బీమా కలదు. చిట్టీలకు ఆ బీమా లేదు. కనుక చేరుటకు ముందు నమోదు సంఖ్యను సరిచూచుకొని, ఒప్పంద పత్రం ప్రతిని, కట్టిన ప్రతి వాయిదాకు రసీదును తీసుకొనవలెను. ఉన్న పొదుపంతా ఒకే చిట్టీలో పెట్టక, కొంత భాగం బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉంచుకొనుట శ్రేయస్కరము.