కసరత్తుశాల గుమ్మంలో పరదేశి



ఈ మధ్య మన ఇళ్ళల్లో ఒక మాట తరచుగా వినబడుతూ ఉంది. రెండేండ్ల ప్రాజెక్టు మీద జర్మనీకి పోయిన పిల్లోడు, చదువుకోవడానికి అమెరికా పోయిన మనవరాలు, అక్కడ జిమ్ములో చేరాలంటే ఎన్ని కాగితాలు అడుగుతున్నారో ఫోనులో చెబుతున్నారు. మనమేమో "ఇంట్లోనే దండీలు, బస్కీలు తీసుకోరాదా, డబ్బు మిగులుతుంది కదా" అంటున్నాం. ఆ పిల్లలకు కావలసింది ఒంటికి కసరత్తు ఒక్కటే కాదు. ఊరుకాని ఊరిలో రోజూ ఒక చోటికి పోయి, నలుగురి ముఖాలు చూసి, ఎవరో ఒకరు పేరు పెట్టి పలకరిస్తే ఆ రోజు గడుస్తుంది.

కొన్నాళ్ళు ఉండిపోయే పరదేశిని కసరత్తుశాలలోకి రానివ్వాలా వద్దా అన్న ప్రశ్నకు దాదాపు 2,500 ఏండ్ల వయసుంది. ఆ కథ ఈసారి చెప్పుకుందాం. మన సంఘం హాలు వెనకాల ఉన్న కసరత్తు గది విషయం రాబోయే మహాజన సభకు వస్తుంది కాబట్టి, దానికీ ఇది పనికివస్తుంది.

జిమ్నాజియం అన్నది గ్రీకు మాట. "గుమ్నోస్" అంటే ఒంటి మీద బట్ట లేనివాడు. అక్కడి మగవాళ్ళు బట్టలు విప్పేసి, ఒంటికి నూనె పట్టించి కసరత్తు చేసేవారు. మనకు శనివారం నూనె స్నానం ఎట్లనో వాళ్ళకు అది రోజూ ఉండేది. ఏథెన్సు నగరంలో పేరుపొందిన కసరత్తుశాలలు మూడు: అకాడెమీ, లైసియం, కునోసార్గెస్. ఆడవాళ్ళకు వీటిలో చోటు లేదు.

ఈ మూడింటిలో కునోసార్గెస్ కథ వేరు. అది నగరపు గోడకు బయట ఉండేది, హెరాక్లెస్ దేవుడి పేరు మీద. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్సువాళ్ళు కానివాళ్ళకు ఆ చోటు కేటాయించినారు. హెరాక్లెస్ తండ్రి దేవుడు, తల్లి మనిషి. అంటే ఆ దేవుడే సగం జాతివాడు, కాబట్టి సగం జాతి పిల్లలకు ఆయన గుడి చాలునని లెక్క. థెమిస్టోక్లెస్ తల్లి పరదేశి అని చెబుతారు. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పారసీకుల నౌకలను ఓడించింది ఈయనే. ఆయన కుర్రవాడుగా ఉన్నప్పుడు పెద్దింటి పిల్లలను మాటలతో ఒప్పించి, తనతోపాటు కునోసార్గెస్‌కే కసరత్తుకు తీసుకుపోయినాడని ప్లూటార్క్ రాసినాడు. గొడవ పడి అకాడెమీ లోపలికి దూరలేదు. లోపలివాళ్ళనే బయటికి రప్పించుకున్నాడు. తెలివైన పని.

పూర్తిగా పరదేశి అయి ఏథెన్సులో కాపురం ఉన్నవాళ్ళను మెటిక్‌లు అనేవారు. వాళ్ళ నిబంధనలు వింటే మన పిల్లల వీసా గుర్తుకొస్తుంది. పేరు నమోదు చేయించుకోవాలి. జామీనుగా ఏథెన్సు పౌరుడు ఒకడు ఉండాలి. ఏడాదికి మగవాడు 12 ద్రాక్మాలు, ఒంటరిగా బతికే ఆడమనిషి 6 ద్రాక్మాలు పన్ను కట్టాలి. అప్పట్లో చేతిపని తెలిసినవాడి రోజుకూలి సుమారు ఒక ద్రాక్మా. అంటే 12 రోజుల కూలి ఊరికే ఉన్నందుకు పోతుంది. భూమి, ఇల్లు కొనే హక్కు లేదు. పన్ను ఎగ్గొడితే బానిసగా అమ్మేయవచ్చు కూడా.

అటువంటి పరదేశుల్లో ఒకడు ఉత్తరాన స్టగీరా అనే ఊరినుంచి 17 ఏండ్ల వయసులో ఏథెన్సుకు వచ్చినాడు. అకాడెమీలో ప్లేటో దగ్గర 20 ఏండ్లు ఉన్నాడు. తరువాత వెళ్ళిపోయి, క్రీ.పూ. 335లో తిరిగి వచ్చి లైసియంలో పాఠాలు మొదలుపెట్టినాడు. ఆయనే అరిస్టాటిల్. లోకంలో అంత పేరు పొందిన బడి ఒక కసరత్తుశాల ఆవరణలో, ఒక మెటిక్ చేతిమీద నడిచింది. క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ చనిపోగానే ఏథెన్సులో మాసిడోనియావాళ్ళ మీద కోపం పెరిగింది. ఆ పక్షంవాడని పేరున్న అరిస్టాటిల్ ఊరు విడిచి పోవలసి వచ్చింది. మరుసటి ఏడాదే కన్నుమూసినాడు. ఎన్నేండ్లున్నా పరదేశి పరదేశే అని ఏథెన్సు చెప్పింది.

ఇప్పుడు నాణేన్ని తిప్పి చూద్దాం. అలెగ్జాండర్ తరువాత గ్రీకులే పరదేశాలకు పోయి స్థిరపడినారు. వాళ్ళు ఎక్కడికి పోయినా ఒక కసరత్తుశాల కట్టుకున్నారు. ఇప్పటి అఫ్ఘానిస్తాన్ ఉత్తరాన, ఆక్సస్ నది ఒడ్డున ఐ ఖానుమ్ అనే చోట ఫ్రెంచి పురావస్తువాళ్ళు 1964 నుంచి తవ్వినారు. అక్కడ పెద్ద జిమ్నాజియం బయటపడింది. హెర్మెస్‌కు, హెరాక్లెస్‌కు ఇద్దరు అన్నదమ్ములు సమర్పించిన శాసనం కూడా దొరికింది. ఈజిప్టులో అయితే "జిమ్నాజియంవాళ్ళం" అని చెప్పుకోవడమే ఒక హోదా అయిపోయింది. మనవాళ్ళు నాయకుల కాలంలో తమిళ సీమకు వచ్చి భజన మందిరం, తాలింఖానా పెట్టుకున్నట్టే అనుకోండి. భాష, అలవాటు నిలుపుకోవడానికి నలుగురు చేరే చోటు కావాలి.

కానీ ఆ తలుపు కూడా అందరికీ తెరవలేదు. మాసిడోనియాలోని బెరోయా ఊరిలో క్రీ.పూ. రెండో శతాబ్దపు జిమ్నాజియం చట్టం రాతి మీద దొరికింది. బానిసలు, విడుదలైన బానిసలు, వాళ్ళ కొడుకులు, తాగుబోతులు, పిచ్చివాళ్ళు, బజారులో వ్యాపారం చేసేవాళ్ళు లోపలికి రాకూడదని అందులో ఉంది. కూరగాయలమ్మేవాడు తాగుబోతుతో సమానం! బయట తలుపు మూసినారని బాధపడినవాళ్ళే, తమ చేతికి తాళం వచ్చినప్పుడు ఇంకొకరికి మూస్తారు. ఈ సంగతి మనం మనసులో పెట్టుకోవాలి.

ఇక దగ్గరి కాలానికి వద్దాం. 1811లో బెర్లిన్ పక్కన హాజెన్‌హైడెలో ఫ్రెడరిక్ లుడ్‌విగ్ యాన్ అనే ఉపాధ్యాయుడు బయలు కసరత్తుశాల తెరిచినాడు. నెపోలియన్ సేనలు దేశం మీద ఉన్న కాలం అది. కుర్రవాళ్ళను గట్టిపరచాలని ఆయన పట్టుదల. ఈ గుంపులు రాజకీయం చేస్తున్నాయని ప్రష్యా ప్రభుత్వం 1820లో నిషేధించింది, 1842లో ఎత్తివేసింది. 1848 విప్లవం ఓడిపోయినాక చాలామంది జర్మనులు అమెరికాకు పారిపోయినారు. ఆ ఏడాదే సిన్సినాటిలో వాళ్ళ కసరత్తు సంఘం మొదలైంది. తరువాత ఊరూరా టర్నర్ సంఘాలు వచ్చినాయి. ఒకే భవనంలో కసరత్తు, గ్రంథాలయం, పాటలు, జర్మన్ పాఠాలు. మన సంఘం హాలు ఎట్లుంటుందో అట్లే. 1914 యుద్ధం వచ్చి, జర్మన్ మాట వింటేనే కోపం వచ్చే రోజుల్లో ఆ సంఘాలు చాలా దెబ్బతిన్నాయి.

ఇంకొక దారి లండన్‌లో మొదలైంది. పల్లెటూరినుంచి వచ్చి బట్టల దుకాణంలో పనిచేసే జార్జి విలియమ్స్ అనే 22 ఏండ్ల కుర్రవాడు 1844లో కొందరితో కలిసి వైఎంసీఏ పెట్టినాడు. మొదట అది ప్రార్థన కోసం. కసరత్తు తరువాత వచ్చి చేరింది. 1869లో న్యూయార్కు వైఎంసీఏ భవనంలో జిమ్ము ఉంది. కొత్త ఊరికి ఒంటరిగా వచ్చిన కుర్రవాడికి పడక, స్నానం, కసరత్తు ఒకే చోట దొరికినాయి. బాస్కెట్‌బాల్ కూడా అక్కడ పుట్టిందే. 1891లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ బడిలో దాన్ని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కెనడావాడు, అంటే ఆ దేశానికి పరదేశి. అదే బడిలో చదివిన హ్యారీ క్రో బక్ మన మద్రాసుకు వచ్చి 1920లో వ్యాయామ కళాశాల పెట్టినాడు. నందనంలో ఇప్పటికీ ఉంది. మన పీటీ వాత్యార్లు ఎందరో అక్కడ చదివినవాళ్ళే.

వైఎంసీఏ తలుపుకూ షరతులు ఉండేవి. అమెరికాలో నల్లవాళ్ళకు వేరే శాఖలు. వేరు చేయడం మానాలని అక్కడి జాతీయ మండలి తీర్మానించింది 1946లో. మేము రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాళ్ళం కాబట్టి ఇంకొక ఉదాహరణ చెప్పాలి. బ్రిటిష్ కాలంలో పెద్ద రైల్వే కాలనీలలో యూరోపియన్ ఇన్‌స్టిట్యూట్ వేరు, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ వేరు. ఇక్కడ కథ తలకిందులు. పరదేశి లోపల ఉన్నాడు, దేశంవాడు బయట నిలబడినాడు. తలుపు దగ్గర ఎవరు నిలబడాలో చెప్పేది పరదేశితనం కాదు, అధికారం.

ఈనాడు పరిస్థితి మారింది. మీ తల్లి ఎవరు, ఏ గుడికి పోతారు అని జిమ్ములో ఎవరూ అడగరు. బ్యాంకు ఖాతా, ఇంటి విలాసం, సంతకం ఉంటే చాలు. పాతకాలంలో పరదేశికి లోపలికి పోవడం కష్టం. ఈ కాలంలో బయటికి రావడం కష్టం.

జర్మనీనే తీసుకుందాం. అక్కడ జిమ్ము ఒప్పందం మొదటి గడువు రెండేండ్ల దాకా ఉండవచ్చు. మునుపు గడువుకు మూడు నెలల ముందే రాసి ఇవ్వకపోతే, ఇంకొక ఏడాది దానంతట అదే పెరిగిపోయేది. 2022 మార్చి 1 తరువాత చేసుకున్న ఒప్పందాలకు చట్టం మారింది. మొదటి గడువు అయినాక ఒక నెల నోటీసుతో ఎప్పుడైనా మానుకోవచ్చు. ఆ ఏడాది జూలై 1 నుంచి, ఇంటర్నెట్‌లో ఒప్పందం చేయించేవాళ్ళు మానుకునే బటన్ కూడా అక్కడే పెట్టాలి. కానీ మొదటి గడువు మధ్యలో ఊరు మారితే? సైన్యంలో చేరి వేరే ఊరికి పోవలసి వచ్చిన ఒకాయన కేసులో అక్కడి అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2016 మే 4న తీర్పు చెప్పింది. ఉద్యోగం కోసం ఊరు మారడం మామూలుగా ఒప్పందం రద్దుకు కారణం కాదు, అది నీ సొంత సంగతి అని. అమెరికాలో కాలిఫోర్నియా చట్టం వేరు. 25 మైళ్ళకు మించి ఇల్లు మారి, సభ్యత్వాన్ని దగ్గరి జిమ్ముకు మార్చుకునే వీలు లేకపోతే, మిగిలిన గడువుకు డబ్బు కట్టనక్కరలేదు. కొంత రుసుము మాత్రం తీసుకోవచ్చు.

కాబట్టి పిల్లలకు మా మాట. రైలు సీజన్ టికెట్ తీసుకునేవాడు ముందు ఏం చూస్తాడు? ఎన్నాళ్ళు ప్రయాణం ఉందో చూస్తాడు. మీరూ అట్లే వీసా తేదీ ఒక పక్క, ఒప్పందం గడువు ఒక పక్క పెట్టుకుని చూడండి. నెలనెలా కట్టే పద్ధతి కొంచెం ఎక్కువ ధర అయినా, ఎప్పుడు తిరిగిపోతారో తెలియనివాళ్ళకు అదే మేలు. నోటీసు రాసి ఇచ్చి, అందినట్టు జవాబు తీసుకుని దాచుకోండి. మాటతో చెప్పినది లెక్కకు రాదు. జర్మనీలో ఉంటే పెద్ద జిమ్ములే కాదు, పేటలోని క్రీడా సంఘాలు కూడా చూడండి. పేరులో టీవీ, టీఎస్‌వీ అని ఉంటే ఆ 'టీ' యాన్ కాలపు కసరత్తు మాట నుంచి వచ్చిందే. వాటికీ నోటీసు నియమాలు ఉంటాయి, కానీ అక్కడ నాలుగు మాటలు మాట్లాడే మనుషులు దొరుకుతారు.

ఇప్పుడు మన కసరత్తు గది సంగతి. కోడి రామమూర్తి నాయుడు గారి పటం తగిలించిన గది అది. మన నియమావళి ప్రకారం సభ్యుల కుటుంబాలకే ప్రవేశం. మన వీధిలో ఇప్పుడు ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కుర్రవాళ్ళు ఎందరో అద్దెకుంటున్నారు. వాళ్ళలో కొందరు వచ్చి అడిగినారు. గది చిన్నది, సామాను పాడవుతుంది, సాయంత్రం మన ఆడపిల్లలు వస్తారు అని కొందరు పెద్దలు అన్నారు. ఆ మాటల్లో న్యాయం ఉంది. ఆడపిల్లల వేళ అట్లే ఉండాలి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మిగిలిన వేళలకు మా ప్రతిపాదన ఇది: గుర్తింపు కార్డు నకలు ఇచ్చి, నెలకు ఇంత అని కట్టి, రసీదు తీసుకుని, ఎవరైనా రావచ్చు. ఊరివాళ్ళ జామీను అడగవద్దు. నెల ముందు డబ్బు పట్టుకోవద్దు. ఊరికి పోతున్నానంటే లెక్క సరిచేసి పంపుదాం.

మనవాళ్ళు ఈ సీమకు వచ్చినప్పుడు కొన్నాళ్ళకే అనుకుని వచ్చినవాళ్ళు ఎందరో. ఎవరో తలుపు తీసినారు కాబట్టి నిలిచినాం. మన మనవడు ఏ దేశపు గుమ్మంలోనో కార్డు చేతపట్టి నిలబడి ఉన్నప్పుడు, మన గుమ్మంలో నిలబడినవాడిని ఏ మాటతో పంపించాలి? మహాజన సభకు రండి, ఒప్పుకున్నా కాదన్నా చేయి ఎత్తి చెప్పండి. రాలేనివాళ్ళు మీ అభిప్రాయం ఇక్కడ రాయండి. ప్రతి మాటా సభలో చదివి వినిపిస్తాం.