గూడుబండి

సరుకులు మోసే ఎద్దుబండి మీద వెదురు బద్దలు విల్లులా వంచి కట్టి, తాటాకో ఈతచాపో కప్పి, ఇంటిల్లిపాదీ కూర్చుని, అవసరమైతే పడుకుని పోయేలా చేసుకున్నది గూడుబండి. దీన్ని వేరే రకం వాహనంగా లెక్కగట్టడం అలవాటు. గుంటూరు, ప్రకాశం రేగడి నేలల వరకు ఆ లెక్క కుదరదు. ఇక్కడ గూడుబండి అన్నది బండి పేరు కాదు, బండిని సిద్ధం చేసిన తీరు పేరు. నిన్న పత్తి బోరేలు మోసిన బండే ఇవాళ గూడు ఎక్కించుకుని తిరునాళ్లకు పోయేది. తిరిగొచ్చాక గూడు గోడకు చేరేది, బండి పొలం దారి పట్టేది. కాబట్టి దీని చరిత్రను వెతకాల్సింది వైభవంలో కాదు, సరుకు రవాణాలో.

1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పల్లకీ బోయీల భుజాల మీద ప్రయాణం చేశాడు, డేరాలు వెంట తీసుకెళ్లాడు. స్తోమత ఉన్నవాడు చక్రాన్ని కాక భుజాన్ని నమ్ముకున్నాడంటే అప్పటి బాటలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు. చక్రానికి పని పెంచింది పత్తి. 1861-65 అమెరికా అంతర్యుద్ధంతో భారతీయ పత్తికి గిరాకీ పెరిగింది. ఈ ప్రాంతపు లేత ఎరుపు జీర గల దూది కాకినాడ రేవు ద్వారా ఎగుమతై ‘కోకనాడ’ పేరుతో చలామణీ అయింది. అంత సరుకు కదలాలంటే గట్టి ఇరుసు, ఇనుప పట్టా, ఎత్తైన చక్రం, వాటిని లాగే ఒంగోలు ఎడ్లు కావాలి. మనిషి సౌఖ్యం ఆ బలం మీద తర్వాత కట్టుకున్న పందిరి.

ప్రయాణానికి ముందు పని చక్రం దగ్గర మొదలవుతుంది. ఎండకు కర్ర కుంచించుకుపోతే చక్రం ఆకులు వదులై కిర్రుమంటాయి. అందుకే చక్రాలను చెరువు నీళ్లలో నానబెట్టేవారు. ఊగులాట మరీ ఎక్కువైతే పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి నీళ్లు కుమ్మరిస్తే అది బుస్సుమని ముడుచుకుని పూటీలను బిగించేది. తర్వాత ఇరుసుకు కందెన, ఎడ్లకు లాడాలు. లోపల జానెడు మందాన గడ్డి, దాని మీద బొంత. బండి కింద వేలాడే లాంతరు, నీళ్ల కుండ. ఎడ్లకు జొన్నచొప్ప, నానబెట్టిన పత్తిగింజలు. బరువు సర్దడం మాత్రం చేయి తిరిగినవాడి పనే. ముందు భారమైతే కాడి మెడలను నొక్కుతుంది, వెనక భారమైతే కాడి లేచి పట్టెడలు గొంతుకు బిగుస్తాయి. 1930ల్లో అమెరికాలో కారు వెనక తగిలించే కన్నీటిచుక్క ఆకారపు బుల్లి ట్రైలర్లు వచ్చాయి. లోపల పరుపు, వెనక తలుపెత్తితే వంటిల్లు. వాటికీ ఇదే లెక్క: మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కారు కొక్కెం మీద పడాలని నేటికీ చెబుతారు. తేడా ఒక్కటే. ఆ ట్రైలర్ విహారం కోసమే పుట్టింది, గూడుబండికి విహారం సెలవురోజు పని.

మోతుబరుల ఇళ్లలో స్ప్రింగులు వేసిన సవారీ బండ్లు ఉండేవి కదా, అవి సరుకు మోయలేదు కదా అని అడగవచ్చు. నిజమే. కానీ వానాకాలపు రేగడి బాటలో ముందుబండ్లు తొక్కిన గాడిలోనే తర్వాతి బండీ పోవాలి. కనుక సవారీ బండి చక్రాల ఎడం కూడా సరుకుబండి చెప్పినట్టే ఉండాల్సి వచ్చింది. దర్జా గూటిలో చూపించుకోవచ్చు, చక్రాల దగ్గర కుదరదు. రైలు వచ్చాక బండి ప్రయాణం అంతమైందన్నది ఇంకో వాదన. 1899లో బెజవాడ-మద్రాసు మార్గం పూర్తయ్యాక దూరప్రయాణాలు రైలుకు మళ్లిన మాట వాస్తవం. అయితే రైలు తిరునాళ్లు జరిగే కోటప్పకొండ దాకా పోదు. నరసరావుపేటలో దిగినవాడికి త్రికూటేశ్వరుడి సన్నిధి ఇంకా పది కిలోమీటర్ల పైమాటే. రైలు బండి ప్రయాణాన్ని కుదించింది, తీసేయలేదు. ఊరికీ స్టేషనుకూ మధ్య కొత్త పనే కల్పించింది.

గూటిని నిజంగా దింపించింది బస్సు, ట్రాక్టరు. 1958లో ఆర్టీసీ ఏర్పడ్డాక బస్సులు పెరిగాయి. పొలంపని ట్రాక్టరుకు పోయాక ఎడ్లను మేపడమే భారమైంది. మహాశివరాత్రికి కోటప్పకొండకు అలంకరించిన ఎత్తైన ప్రభలను తరలించే పని కూడా చాలావరకు ట్రాక్టర్లే అందుకున్నాయి. అలాగని పాత పద్ధతి పోయిందనలేం. మార్కెట్ యార్డుకు మిర్చి టిక్కీలు తోలిన ట్రాక్టరు ట్రక్కునే తిరునాళ్లకు కడుగుతారు. బాగా కడగకపోతే మూలల్లో మిగిలిన ఘాటుకు పిల్లలు దారిపొడవునా తుమ్ముతారు. అడుగున గడ్డి, దాని మీద పట్టా పరిచి, ఇనుప చువ్వలు వంచి పైన టార్పాలిన్ లాగి కడతారు. దాన్ని మాత్రం ఎవరూ గూడుట్రక్కు అనరు.